తెర వేయమన్న మనిషి

ఫొటో స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నాక కూడా ఆ మనిషి మాస్కు తీయలేదు.

"ముందు ఆ వీధి వైపు తెర వేయండి," అన్నాడు.

వీధిలో అందరూ ఫొటో అక్క అని పిలిచే ఆవిడకి అక్కడే అనుమానం మొదలైంది. ఫొటోకి వచ్చినవాడు దువ్వెన అడుగుతాడు, అద్దం అడుగుతాడు. వీడెవడో తెర అడుగుతున్నాడు.

పైగా చూపంతా బయట స్తంభం మీద, ముఖాలు గుర్తుపట్టే కెమెరా మీదే.

కెమెరా పేరెత్తితే చాలు ఆవిడకి కడుపు రగిలిపోతుంది. నగల దుకాణంలో దొంగతనం జరిగిన రోజు అక్కడ తచ్చాడింది ఆవిడ తమ్ముడేనని తేల్చింది అలాంటిదే ఇంకొకటి. ఆ వేళ వాడు జ్వరంతో ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాడు మొర్రో అంటే విన్న నాథుడే లేడు, తీసుకెళ్లి జైల్లో వేశారు. కెమెరా మాట ఒక్కటే చాలదని కొత్త చట్టమైతే వచ్చిందట. కానీ అది పొరబడిందని మనమే చూపించాలి, అచ్చం అలాంటి ముఖం ఇంకొకటి ఉందని రుజువు కావాలి అన్నాడు లాయరు. ఎక్కడని వెతుకుతుంది పాపం?

ఆ మనిషి గోడ మీదున్న తమ్ముడి ఫొటో వైపు అదేపనిగా చూశాడు. ఈయన ఎప్పుడు బయటికొస్తారని అడిగాడు.

ఇంకేముంది, మఫ్టీ పోలీసే. కూపీ లాగడానికి వచ్చాడు. అయినా ఆవిడ నోరు తగ్గలేదు. ముఖం చూపించడానికే జంకేవాడికి ఫొటో ఎందుకని నిలదీసింది.

"భయమేనమ్మా నాకు. తెర వేస్తే మాస్కు తీస్తాను. ఫొటో మీరే ఉంచుకోండి, మీకు..."

"మాకేం అక్కర్లేదు. ఈ ఇంట్లో ఇంకెవరూ దొరకరని మీవాళ్లకి చెప్పు. లే ముందు."

అతను లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఏదో చెప్పబోయాడు. ఆవిడ తలుపు దభాలున వేసేసింది. పీడా పోయిందనుకుంది.

కాసేపటికి లాయరు ఫోన్ చేశాడు. తమ్ముడికి ఈరోజు కూడా బెయిలు రాలేదట, జైల్లోనే ఉంచారట. ఆవిడ కుర్చీలో కూలబడి కళ్లొత్తుకుంది.

అంతలో తమ్ముడి భార్య రొప్పుతూ లోపలికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆయన్ని వదిలేశారని నాకు చెప్పరేం వదినా? ఇప్పుడే ఆయన బస్సెక్కి, మాస్కు తీసి చెమట తుడుచుకుంటుంటే చూశాను, పిలిచేలోపే బస్సు కదిలిపోయింది."