ఐదో గది మార్కులు

“అయ్యో, నా కన్నా! నన్నొదిలి వెళ్ళిపోయావా!” అంటూ అన్నయ్య తువ్వాలు నెత్తిన కప్పుకుని వంటింటి బల్ల మీదకు వాలిపోయాడు.

“ఆవిడ అలా ఏడవదన్నయ్యా,” అంది పిచ్చుక.

“మరెలా ఏడుస్తుంది?”

“అసలు ఏడవదు. తన చెప్పుల వంక చూసుకుంటుంది.”

అన్నయ్య తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. పగలంతా బస్సు నడిపి వచ్చిన మనిషి. అయినా చెల్లెలి చేత సాధన చేయించడం తన పూచీ అనుకున్నాడు. పిచ్చుక ఆమె అసలు పేరు కాదు. బక్కపలచని ఒళ్ళు చూసి చిన్నప్పుడు అతను పెట్టిన ముద్దుపేరే స్థిరపడిపోయింది.

వైద్య కళాశాలలో సీటుకు రాతపరీక్ష ఒక్కటే చాలదు. ఆపైన ఇంటర్వ్యూ ఉంటుంది. అందులో వరుసగా కొన్ని గదులు, గదికొక పరిస్థితి. ఐదో గదిలో ఒక తల్లికి, ప్రమాదంలో గాయపడిన ఆమె కొడుకు ఆపరేషన్ బల్ల మీదే చనిపోయాడన్న వార్తను అభ్యర్థి చెప్పాలి. ఒక ప్రొఫెసరు మూలన కూర్చుని గమనిస్తాడు. ఎదుట కూర్చున్న తల్లి కూడా మార్కులు వేస్తుంది. కిందటేడు మిగిలిన గదులన్నీ గట్టెక్కిన పిచ్చుక ఆ ఒక్క గదిలో బోల్తా పడింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఆ కారణాన్ని ఆమె ఏడాది పొడుగునా వెతుక్కుంది. వార్త తిన్నగానే చెప్పింది, గొంతు తడబడలేదు. “చివర్లో నన్నేమైనా అడిగాడా?” అని ఆ తల్లి అడిగినప్పుడు, స్పృహ లేని స్థితిలో మెదడు ఎలా ఉంటుందో వివరించి, నొప్పి తెలిసి ఉండదని ధైర్యం కూడా చెప్పింది. గంట మోగగానే లేచి, “చాలా సహజంగా నటించారండీ” అని చిరునవ్వుతో మెచ్చుకుంది.

ఆ చివరి మాట శిక్షణ మాస్టారి సలహా. గదుల్లో కూర్చునేది నాటకాల వాళ్ళనీ, పొగడ్తకు కరగని నటులు లోకంలో లేరనీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ప్రకారమే, సీటు పోవడానికి కారణం పొగడ్త చాలకపోవడమని తేల్చాడు. ఈసారి ఏ ఘట్టంలో కళ్ళు ఎంత బాగా పలికించారో విడమరిచి చెప్పమన్నాడు. పిచ్చుక ఆ నాలుగు ముక్కలూ కూర్చుకుని, బట్టీపట్టింది.

రెండు ప్రయత్నాలకు మించి ఆ కళాశాల ఒప్పుకోదు. ఇది ఆఖరిది. ఒక్క జీతంతో ఇల్లు గడవదు కనుక, చదువుకుంటూనే ఆమె ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసే పనిలో చేరింది. “మా పిచ్చుక ఏనుగుల్ని తోస్తోంది” అని అన్నయ్య అందరికీ చెప్పి నవ్వేవాడు. సాయంత్రం ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునే నిద్రపోవడం చూసినప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

ఇంటర్వ్యూ రోజు సెలవు దొరకలేదు. పొద్దుటి పని ముగించుకుని, ఉబ్బిన పాదాలతో అటునుంచటే వెళ్ళింది. వరుసగా నాలుగు గదులు దాటి ఐదో తలుపు తోసింది. అదే ఆమె. అవే చెప్పులు.

పిచ్చుక చెప్పవలసింది చెప్పింది. ఆమె తల వంచుకుంది. తర్వాత అదే గొంతుతో, “చివర్లో నన్నేమైనా అడిగాడా?” అంది.

జవాబు నాలుక చివరే ఉంది. కానీ ఆ పొద్దున తాను తోసుకెళ్ళిన ముసలాయన దారి పొడుగునా ఎవరినో పిలుస్తూనే ఉన్నాడు. ఎవరినో తాను కనుక్కోలేదు. తర్వాతి స్ట్రెచరు కోసం అప్పటికే కేకేస్తున్నారు.

“నాకు తెలీదమ్మా,” అంది పిచ్చుక. “నేనక్కడ లేను. ఉన్నవాళ్ళని అడిగి, వచ్చి చెప్తాను.”

ఆ తల్లి తలెత్తి చూసింది. గంట మోగింది. లేవాలనే ఉంది గానీ పాదాలు మాట వినలేదు. పిచ్చుక అలాగే కూర్చుండిపోయింది. ప్రొఫెసరు దగ్గాక, కుర్చీ పట్టుకుని లేచి, బయటకు నడిచింది.

“మెచ్చుకున్నావా?” అన్నాడు అన్నయ్య, గుమ్మంలోనే.

“మర్చిపోయానన్నయ్యా.”

“ఏడాది పాటు వల్లించిన ముక్క కదే!”

“కాళ్ళు పీకేస్తున్నాయి. నోరు పెగల్లేదు.”

అన్నయ్య బకెట్టుతో వేడినీళ్ళు తెచ్చి ఆమె పాదాల ముందు పెట్టాడు. పోయిందన్న సంగతి ఇద్దరికీ అర్థమైపోయింది. ఇక జీవితమంతా స్ట్రెచర్లేనని పిచ్చుక తనకు తాను నచ్చజెప్పుకోవడం కూడా మొదలుపెట్టింది.

సీటు వచ్చింది. ఐదో గదిలో నూటికి నూరు. శిక్షణ మాస్టారు అది తన పద్ధతి గొప్పదనమేనని ఊరంతా చాటుకున్నాడు. అన్నయ్య నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. పిచ్చుకకు మాత్రం లెక్క కుదరలేదు. మర్యాదగా మెచ్చుకున్నప్పుడు తప్పి, మొద్దులా కూర్చున్నప్పుడు ఎలా నెగ్గింది? ఆలోచించిన కొద్దీ ఆమెకు ఒకటే తోచింది: అంత పెద్దమనసున్న కళాకారిణికి తాను ఒక మంచి మాట బాకీ పడింది.

అందుకే కళాశాలలో చేరిన రోజున, ఇంటర్వ్యూ గదుల ఏర్పాట్లు చూసే గుమాస్తా దగ్గర ఆగింది. ఆవిడ జుట్టు నెరిసిన, నిదానమైన మనిషి.

“ఐదో గదిలో తల్లి వేషం వేసినావిడ ఏ నాటక సంస్థలో ఉన్నారండీ? ఒకసారి కలవాలి. రెండేళ్ళూ అదే చోట ఆగారు, అదే మాట అదే గొంతుతో అడిగారు. అంత నటన నేనెక్కడా చూడలేదు. ఆ మాటే చెప్దామని.”

గుమాస్తా రాయడం ఆపింది. మిగతా గదులకు నాటకాల వాళ్ళని తానే పిలిపిస్తాననీ, ఐదో గదికి మాత్రం ఎవరినీ పిలవవలసిన అవసరం రాలేదనీ నెమ్మదిగా చెప్పింది. పిచ్చుక అర్థంకానట్టు చూసింది.

“ఆపరేషన్ బల్ల మీద పోయిన ఆ అబ్బాయి నిజంగానే ఆవిడ కొడుకమ్మా.”