మెట్ల మీద చుట్ట

మేనేజరు బాబుకి, మీ లాండ్రీలో దుప్పట్లు ఉతికే ముసలమ్మ రాయిస్తున్నది. మర్యాదగా రాస్తానంది నా మనవరాలు, నేనే వద్దన్నాను.

చుట్ట మానకపోతే పనిలోంచి తీసేస్తానన్నావు. నువ్వు సిగరెట్టు మానడానికి డాక్టరు, బిళ్ళలు, నెల సెలవు కావాల్సొచ్చాయి. చదువురాని మాకేమో గోడ మీద కాగితం అంటించావు.

పొగ తాగేవాళ్ళే కాసేపు మెట్ల మీద కూర్చోవచ్చు, మిగతావాళ్ళు నిలబడి పనిచెయ్యాలన్నది మీ సూపర్వైజరు పెట్టిన పద్ధతే కదా, నాయనా.

నిన్న నా నోట్లో చుట్ట చూసి అంతెత్తున లేచావు. అది వెలుగుతోందో లేదో చూశావా? నేను మానేసి ఏడాదైంది. మోకాళ్ళు లాగినప్పుడు ఉత్తినే నోట్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటాను.

నువ్వో స్టూలు వేయించు, ఆ చుట్ట కూడా పారేస్తాను.