దిండులో దూది

"మళ్లీ చచ్చింది! అరగంటలో ఇంటర్వ్యూ" అంది ఆమె, లాప్‌టాప్ బటన్‌ని నొక్కి నొక్కి. అది గుర్రుమని ఆగిపోయింది.

"నీ చెయ్యి పడితే అంతే" అన్నాడు భర్త, బల్ల దగ్గర తన లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

పక్కనే ఉన్న ఆడపడుచు సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, స్క్రూలు విప్పి లాప్‌టాప్ అడుగు మూత తీసింది. ఫ్యాన్ నిండా దూది ఉండలు.

"గాలాడక వేడెక్కిపోతోంది వదినా. ఎక్కడ పెట్టి వాడుతున్నావ్?"

"మంచం మీద. దిండు మీద పెట్టుకుని."

"దిండు మీద ఎవరైనా పెడతారా? బుద్ధుండాలి!" నవ్వాడు భర్త.

"ఇంట్లో బల్ల ఒక్కటే. అది మీ ఆఫీసన్నారుగా."

అతను వినిపించుకోనట్టు టైపు చేస్తూనే ఉన్నాడు. ఆడపడుచు మాత్రం అన్నని ఎగాదిగా చూసి, దూది లాగేసి, మూత బిగించింది.

లాప్‌టాప్ లేచింది.

"హమ్మయ్య!" అంటూ భర్తే లేచివచ్చి దాన్ని అందుకున్నాడు. భద్రంగా మోసుకెళ్లి దిండు మీద పెట్టాడు. "కానివ్వు, టైమవుతోంది."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, బల్ల మీది అతని లాప్‌టాప్‌ని తెచ్చి దిండు మీద పెట్టింది. తనది బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి నా పని?"

"దిండుందిగా అన్నయ్యా" అంది ఆడపడుచు, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుంటూ. "నీది చచ్చినప్పుడు పిలువు."