ఇనుప బూటు

ఊరోళ్ళారా, హన్మమ్మకు కుళ్ళని నవ్విందీ మీరే, దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచేదీ మీరే!

చచ్చుబడిన కాలు నిలబడాలని మిషను దవాఖానలో ఎస్తేరమ్మకు ఇనుప కడ్డీల బూటు తొడిగారు. పక్కింటి హన్మమ్మ ఓర్వలేకపోయింది.

"నా మంచి కాళ్ళకు ముండ్లు, దాని సచ్చిన కాలికి బూటా?"

గడీ ముందు ఎస్తేరమ్మ నడిచిపోతుంటే హన్మమ్మే అరిచింది: "దొరా, అది బూటుతోనే పోతున్నది, సూడుండ్రి!"

దొర జవాన్లు బూటు లాగేశారు. కడ్డీలూ దానితోనే వచ్చాయి. ఎస్తేరమ్మ దుమ్ములో కూలి, మోచేతుల మీద పాకింది.

హన్మమ్మ ఉరికొచ్చింది. "వదినె, బూటనుకున్న. అదే నీ కాలని తెల్వకపాయె!" బూటు లాక్కొచ్చి ఆమె కాలికి తనే తొడిగింది.

మీకు ఇంటింటికీ పంచుతున్న ఈ కార్డు మీద ఇవి రాయమన్నది కూడా హన్మమ్మే:

ఎస్తేరమ్మ బూటు ఎవరూ ముట్టొద్దు.

గడీ ముందు ఎవరూ చెప్పులు విప్పొద్దు.

నాకూ ఒక జత కావాలి.