మెసేజ్‌కు పైసలు పడవు

గోటితో సిమ్ కార్డు పీకుతున్న మనిషిని మొదట చూసింది యాదగిరి.

"సోమన్నా, అటు సూడు. గా గోడ కాడ కూసున్నోడు."

సోమయ్య చూశాడు.

పటాన్‌చెరు అవతల ఆ మందుల ఫ్యాక్టరీలో పొద్దున పదకొండింటికి రియాక్టరు పేలింది. కాలినవాళ్లను దొరికిన బండిలో వేసి తలా ఒక దవాఖానకు పంపేశారు. ఎవరు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో చెప్పే దిక్కు లేదు.

సోమయ్య చిన్న తమ్ముడు అంజన్న ఆ షిఫ్టులోనే ఉన్నాడు.

మూడు గంటలుగా సోమయ్య పక్కింటి యాదగిరిని వెంటేసుకుని గేటు ముందు తిరుగుతూనే ఉన్నాడు.

గుంపును తోసుకుని ఇద్దరూ గోడ దగ్గరికి చేరేసరికి ఆ మనిషి సిమ్‌ను తన ఫోనులో వేసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని దించాడు. తర్వాత వంగి బటన్లు నొక్కుతూ కూర్చున్నాడు. ఒళ్లంతా మసి.

పక్కన సగం కరిగిన ఫోను పడి ఉంది. దాని వెనక మేకుతో గీసిన 'అం' అక్షరం.

అది అంజన్న గీసుకున్నదే.

"ఏయ్, గీ ఫోను ఎవలిదిరా?"

ఆ మనిషి తలెత్తాడు. తెలుగువాడు కాదు.

"భాయ్, ఏక్ మినిట్. మెసేజ్..."

"సిమ్ము ఊడబీకి మెసేజ్ పెడ్తున్నవా? ఎవనికి, కొనేటోనికా?" అన్నాడు యాదగిరి.

"నై భాయ్, యే ఆద్మీ..."

మిగతా మాటను సోమయ్య పిడికిలి పళ్లతో సహా నోట్లోకి నెట్టేసింది.

పెనిమిటి కోసం కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న మొగులమ్మ లేచింది. కాలి చెప్పు తీసింది.

"పీనుగుల జేబులు దేవుతున్నవారా? నీ చేతులు పడిపోను!"

అంత చాలు.

పొద్దున్నుంచి ఎవరి మీద పడాలో తెలియని కోపం అది. యజమాని కనపడలేదు. మేనేజరు కనపడలేదు. వీడు కనపడ్డాడు.

ఒకరి చేతిలో టిఫిన్ డబ్బా, ఒకరి చేతిలో రాయి, తక్కినవాళ్లకు కాళ్లు.

అతడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఫోనును పొట్ట కింద దాచుకుని ముడుచుకుపోయాడు. దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

"సస్తున్నా ఇడుస్తలేడు సూడు, దొంగ ముండాకొడుకు!"

యాదగిరి జేబులో ఫోను మోగింది.

"సోమన్నా, నర్సింహులన్న. మస్కట్ కెంచి."

నర్సింహులు సోమయ్య నడిపి తమ్ముడు. మస్కట్ పోయినా ఇక్కడి సిమ్ తీసెయ్యలేదు. దానికి ఇక్కడినుంచి ఎవరు ఫోను చేసినా ఎత్తడు. ఎత్తితే మాటకింత అని పైసలు కోసుకుంటారు. మెసేజ్ అందుకుంటే మాత్రం ఒక్క పైసా పడదు. అందుకే బర్రె ఈనిందన్నా, అమ్మకు జ్వరమొచ్చిందన్నా ఆ ఇంటి కబుర్లన్నీ మెసేజ్‌లోనే పోతాయి. గంట కింద యాదగిరి కూడా అట్లాగే పెట్టాడు. అంజన్న కనపడ్తలేడని.

ఇప్పుడు నర్సింహులే చేస్తున్నాడు.

"ఎత్తాల్నా?"

"ఎత్తకు. తమ్ముడు దొర్కలేదని ఏ నోటితోని చెప్పాలె?"

ఫోను మోగి మోగి ఆగింది.

సోమయ్య చుట్టూ చూశాడు. గోడకు ఆనించి ఒక ఇనుప పైపు ఉంది. తీసుకున్నాడు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. ఏదో చెప్పాలని అతడు తల ఎత్తాడు. రెండో దెబ్బ చెవి వెనక తగిలింది.

ఆ చప్పుడుకు తన్నుతున్న కాళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి సోమయ్యే లాక్కుని ఎత్తాడు.

"అన్నా! అంజన్న బతికే ఉన్నడు!"

సోమయ్య చేతిలోంచి పైపు జారింది.

"ఏడ? ఏడున్నడురా?"

"ఎవలో అంజన్న సిమ్ముల నా నంబరు సూసి, అంజన్న నంబరు కెంచే ఫోన్ చేసిండు. పైసలు పడ్తయని ఎప్పటి లెక్కనే నేను ఎత్తలే. గప్పుడు మెసేజ్ పెట్టిండన్నా, హిందీల. ఈ ఫోను మనిషిని నేనే ఎత్కపోయి దవాఖానల ఏసిన, రక్తం గావాలె, ఇంటోళ్లు జల్దీ రావాలె అని."

"ఏ దవాఖాన? పేరు జెప్పు!"

"పేరు తెల్వదట. బోర్డు తెలుగుల ఉన్నదట, ఆయనకు సదువరాదట. తొవ్వ తెలుసు, ఫ్యాక్టరీ గోడ కాడ కూసున్న, వస్తే తోల్కపోత అని రాసిండు. నువ్వు ఆడనే ఉన్నవు గదన్నా. జెర అటిటు సూడు, దొర్కుతడు."

సోమయ్య కాళ్ల దగ్గర ముడుచుకుని పడున్న మనిషి వైపు చూశాడు.

"ఇనవడ్తుందా అన్నా? ఆయన పేరు గూడ అడుగు. అంజన్న ఇంటికొచ్చినంక పిల్చి బువ్వ పెడ్దాం."

సోమయ్య ఫోను యాదగిరికి ఇచ్చేశాడు. మోకాళ్ల మీద కూలబడి ఆ మనిషిని మెల్లగా వెల్లకిలా తిప్పాడు. ఇందాక మసి అనుకున్నది మోచేతుల దాకా కాలి ఊడిన చర్మం.

మొగులమ్మ చెప్పు కింద పడేసి నీళ్ల సీసా తెచ్చింది. పోసిన నీళ్లు పెదవుల పక్కనుంచే జారిపోయాయి.

"భాయ్... ఏ దవాఖాన భాయ్? కిదర్?" సోమయ్య అతని చెంప తట్టాడు.

"కిదర్ భాయ్? జెర సెయ్యితోనన్న సూపియ్యి."

తమ్ముడి దగ్గరికి దారి తెలిసిన ఒకే ఒక్క మనిషి, సోమయ్య ఒళ్లో చల్లబడుతున్నాడు.