పచ్చదీపం

వంటింటి గోడ మీద దీపం సాయంత్రం నుంచీ పచ్చగానే వెలుగుతోంటే వకుళకి ప్రాణం లేచొచ్చినట్టుంది. కూతురు తన్వి చేతికున్న ఊపిరి పట్టీ ఏ కాస్త ఆయాసం పసిగట్టినా దీపం ఎర్రబడుతుంది. ఇక్కడొక్కచోటే కాదు, అపార్ట్‌మెంట్‌లో ప్రతి వంటింట్లోనూ. అది చూసి తల్లులంతా బాల్కనీల్లోకొచ్చి, "ఆ పిల్లకేమన్నా అయితే మన మీదకొస్తుంది, పైకి రండి!" అంటూ తమ పిల్లల్ని పిలిచేసుకుంటారు. కింద తన్వి ఒక్కతే మిగిలిపోతుంది.

ఇవాళ ఆట ఆగలేదు. వకుళ నిశ్చింతగా చపాతీ పిండి కలుపుతోంది.

తలుపు దబదబా మోగింది. కింది ఫ్లోర్ హారిక.

"ఆంటీ, తన్వి మెట్ల కింద కూర్చుండిపోయింది. మాట్లాడట్లేదు!"

వకుళ ముందు దీపం వైపు చూసింది. పచ్చగానే ఉంది. "ఊరికే భయపెట్టకే" అనబోతూ హారిక చెయ్యి చూసింది. తన్వి పట్టీ ఆ చేతికుంది.

"ఆటయ్యేదాకా పెట్టుకోమంది ఆంటీ..."

ఇన్‌హేలర్ అందుకుని, అంబులెన్స్ పిలవమని అరుస్తూ, పిండిచేతులతోనే మెట్లు దిగింది వకుళ. మెట్ల కింద సైకిళ్ల వెనక నక్కిన తన్వి భుజాలు ఎగసిపడేలా ఊపిరి లాక్కుంటోంది. పెదాలు నీలం తిరిగాయి. ఎదలో పిల్లికూతలు. దీపం వచ్చాక ఆ ఎద మీద చెవి పెట్టి వినడమే మానేసింది తను.

మందు పీల్పించింది. మళ్లీ పీల్పించింది. ఎంతసేపటికో ఆ పిల్లకి మాట పెగిలింది.

"అమ్మా... దీపం... ఎర్రబడలేదు కదా?"