పిరికి టీచర్

సైరన్ మోగింది. మూడో తరగతి పిల్లలు గబగబా నేలమాళిగ మెట్లు దిగారు.

అందరికంటే ఎక్కువ వణుకుతున్నది వాళ్ళ టీచరే.

"కాళ్ళు ఆడట్లేదర్రా. ఎవరైనా నా చెయ్యి పట్టుకోరూ?" అంది ఉల్యానా.

వెనకే దిగుతున్న హెడ్మిస్ట్రెస్ స్తెఫానియాకు ఒళ్ళు మండింది.

యుద్ధం నడుస్తున్న జపొరీజియా నగరంలో క్షిపణి పడని వారం లేదు. బెదిరిపోయిన పిల్లలకు ధైర్యం చెప్పే టీచర్ కావాలని అడిగితే విద్యాశాఖ వాళ్ళు ఈవిడను పంపారు. వచ్చి మూడు వారాలు. సైరన్ మోగిన ప్రతిసారీ ఇదే వరస.

ఆ రోజు పేలుడు బాగా దగ్గరలోనే వినిపించింది. పైకప్పు నుంచి సున్నం రాలింది. దీపాలు ఆరిపోయాయి.

ఉల్యానా చెవులు మూసుకుని గోడకు ఒదిగిపోయింది. పిల్లలు తడుముకుంటూ వచ్చి ఆమె చుట్టూ చేరారు.

"భయపడకండి టీచర్, మేమున్నాంగా," అని చీకట్లో ఓ సన్నని గొంతు పలికింది.

అది ఎవరి గొంతో స్తెఫానియా పట్టించుకోలేదు. ప్రమాదం తప్పిందని కబురు రాగానే ఉల్యానాను గదిలోకి పిలిచింది.

"పిల్లలకి ధైర్యం చెప్పమని పెట్టుకుంటే, మీకే వాళ్ళు చెప్పాల్సొస్తోంది. రేపట్నుంచి రావద్దు."

ఈ సెలవుల దాకానైనా ఉండనివ్వమని ఉల్యానా అడిగింది. స్తెఫానియా కుదరదంది.

మరో టీచర్ ఇంకా రాలేదు. సోమవారం సైరన్ మోగితే స్తెఫానియాయే పిల్లలను కిందికి తీసుకెళ్ళింది.

నేల అదిరింది. ఆమె ఊపిరి బిగబట్టి గోడను పట్టుకుంది.

ఎవరిదో చిన్న చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది.

"మెల్లగా ఊపిరి తీసుకోండి మేడమ్. నాలుగు అంకెలు లెక్కపెట్టి వదలండి."

స్తెఫానియా తలతిప్పి చూసి నిర్ఘాంతపోయింది. జోర్యానా! బాంబులకు నేలమట్టమైన మరియుపోల్ నగర శిథిలాల నుంచి వచ్చిన పిల్ల. బడిలో చేరిన అయిదు నెలల్లో ఆ పిల్ల నోరు విప్పగా ఆమె వినలేదు.

"ఎప్పట్నుంచి మాట్లాడుతున్నావు తల్లీ?"

"ఉల్యానా టీచర్ వచ్చినప్పట్నుంచి. ఆవిడకి భయం కదా, ఎవరో ఒకరు ధైర్యం చెప్పాలిగా."

పైకి రాగానే స్తెఫానియా విద్యాశాఖకు ఫోన్ చేసింది. తనదే పొరపాటని, ఉల్యానాను వెంటనే పంపమని బతిమాలింది.

అవతల గుమస్తా రికార్డు తీసి చూశాడు.

"ఆలస్యం చేశారు మేడమ్. భుజం గాయం మానేదాకా పనిచేస్తానని వచ్చింది, పిల్లల దగ్గరే ఉండిపోతానని కూడా అంది. మీరు వద్దన్నాక నిన్ననే తిరిగి యుద్ధానికి వెళ్ళిపోయింది. అక్కడ గుండ్ల మధ్యకి పాక్కుంటూ వెళ్ళి, గాయపడ్డవాళ్ళని ఈడ్చుకొచ్చే నర్సు ఆవిడ."